ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ దగ్గర బడ్జెట్ హోటల్‌లో అమ్మతో ఒక రాత్రి

అందరికీ నమస్తే అండీ. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని విదేశానికి వెళ్తూ మధ్యలో ఢిల్లీలో రాత్రి ఆగాల్సినవాళ్ల కోసం ఈ వీడియో. జనవరిలో అమ్మను అక్క దగ్గరికి తీసుకెళ్లాను. గన్నవరం నుంచి ఢిల్లీకి ఒక టికెట్, అక్కడి నుంచి వేరే టికెట్. విడివిడిగా కొన్నాం కాబట్టి పెట్టెలు నేరుగా వెళ్లవు, ఢిల్లీలో బెల్టు మీద నుంచి తీసుకుని పొద్దున మళ్లీ ఇవ్వాలి. పైగా దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా 15 కేజీలే ఇస్తారు, ఆవకాయ, గోంగూర, పొడులు కలిపి మా పెట్టెలు ఒక్కోటి 23 కేజీలు, ఎక్కువైన బరువుకి గన్నవరంలోనే డబ్బు కట్టాం.

దిగింది రాత్రి 10:20కి, మళ్లీ విమానం పొద్దున 7:10కి. దాదాపు తొమ్మిది గంటలుంది కదా, హాయిగా పడుకోవచ్చు అనుకున్నాం. కానీ లెక్క అలా ఉండదండీ. విదేశీ విమానానికి మూడు గంటల ముందు చేరాలి, అంటే నాలుగింటికల్లా టెర్మినల్ 3లో ఉండాలి, పెట్టెలు వచ్చేసరికి పదకొండు, గదికి చేరేసరికి పన్నెండు దాటింది. ఇక నడుం వాల్చడానికి మిగిలింది మూడు గంటలు. మీరు హోటల్ బుక్ చేసే ముందు ఈ గంటలు లెక్కేసుకోండి.

మేం తీసుకున్నది మహిపాల్‌పూర్‌లో, 1,900 రూపాయల గది. పేరు చెప్పను. హైవేకి ఆనుకుని సందుసందుకీ ఇలాంటి హోటళ్లే ఉంటాయక్కడ. టెర్మినల్ 3కి దూరం కొద్ది కిలోమీటర్లే. బుకింగ్‌లో ‘ఎయిర్‌పోర్ట్ పికప్ ఉచితం’ అని ఉంది, నేను దాన్ని చూసే తీసుకున్నాను. బయటికొచ్చి ఫోన్ చేస్తే పిల్లర్ నంబర్ అడిగారు, చెప్పాను, పది నిమిషాల్లో బండి వస్తుందన్నారు. పది నిమిషాలు అయ్యాక మళ్లీ చేస్తే మళ్లీ పది నిమిషాలే అన్నారు. ఒకసారి బయటికొస్తే వెనక్కి లోపలికి పంపరు, కూర్చోవడానికి చోటు లేదు, ఆ చలిలో అమ్మ శాలువా తలకి చుట్టుకుని ట్రాలీ పట్టుకుని నిలబడింది. అరవై ఆరేళ్ల మనిషండీ. అమ్మకి హిందీ రాదు, నేను ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుంటే ఏమైందిరా, ఏమంటున్నారు అని టెన్షన్ పడుతోంది. నాకు నిజంగా కోపం వచ్చింది. ముప్ఫై అయిదు నిమిషాలు చూసి ప్రీపెయిడ్ ట్యాక్సీ ఎక్కాం.

గది సంగతి చెప్తాను. మంచం బాగుంది, దుప్పట్లు ఉతికినవే, రజాయి మాత్రం ముతక వాసన, అమ్మ తన దుప్పటి కప్పుకుంది. గీజర్ పదిహేను నిమిషాలకి వేడెక్కింది. కిటికీ తీస్తే ఎదురుగా గోడ. వంటగది అప్పటికే మూసేశారు, ఇంటి నుంచి తెచ్చిన పులిహోరే తిన్నాం. లిఫ్ట్ లేదు, మా గది రెండో అంతస్తు, ఆ పెట్టెల్ని పనిచేసే కుర్రాడొక్కడే పైకి మోశాడు, విసుక్కోలేదు, అమ్మకి అడగకుండానే వేడినీళ్లు తెచ్చిచ్చాడు. ఆ హోటల్‌లో నాకు నచ్చింది ఆ కుర్రాడే.

విమానాల మోతకి నిద్ర పట్టదేమో అని భయపడ్డాను. అది కాదు, తలుపుల చప్పుడు! ఇలాంటి చోట ప్రతి గదిలోవాళ్లూ ఒక్కో టైముకి బయల్దేరతారు, ఒంటిగంటకి ఒకరు, రెండింటికి ఇంకొకరు, పెట్టెల చక్రాలు మెట్ల మీద టకటకా కొట్టుకుంటూ దిగుతుంటాయి. అయినా అమ్మ రెండున్నర గంటలు పడుకుంది, కాళ్ల వాపు కాస్త తగ్గింది. నేనొక్కడినే అయితే ఆ 1,900 పెట్టను, టెర్మినల్‌లోనే కుర్చీలో గడిపేస్తాను. అమ్మతో అయితే మాత్రం గది ఉండాల్సిందే.

లేపమని రిసెప్షన్‌లో చెప్పాం, ఎవరూ లేపలేదు, నా ఫోన్ అలారంకే లేచాం. మూడున్నరకి బండి సిద్ధంగానే ఉంది, కానీ పొగమంచు, ముందు బండి ఎర్రలైటు తప్ప ఏమీ కనిపించలేదు, డ్రైవర్ నెమ్మదిగా పోనిచ్చాడు. డిసెంబరు, జనవరిల్లో అయితే ఇంకో అరగంట ముందే బయల్దేరండి.

బుక్ చేశాక హోటల్‌కి మీరే ఫోన్ చేయండి. రాత్రి ఈ టైముకి బండి ఉంటుందా, డ్రైవర్ నంబర్ ఇస్తారా, లిఫ్ట్ ఉందా, ఈ మూడూ అడగండి. తర్వాతి విమానం ఏ టెర్మినల్ నుంచో టికెట్‌లో చూసుకోండి, టెర్మినల్ 1 విడిగా, దూరంగా ఉంటుంది, 2, 3 మాత్రం పక్కపక్కనే. పగలైతే టెర్మినల్ 3 నుంచి ఏరోసిటీకి, అంటే ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న హోటళ్ల ప్రాంతానికి, మెట్రోలో ఒక్క స్టేషనే, అక్కడి హోటళ్లు ఖరీదెక్కువ. అర్ధరాత్రి దాటితే మెట్రో ఉండదు.

వేసవిలో అమ్మ తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీలో మళ్లీ ఒక రాత్రి ఆగాలి, నేనే ఎదురెళ్తున్నాను. ఈసారి ఏరోసిటీలో గది తీసుకున్నాను, లిఫ్ట్ ఉందని ఫోన్ చేసి అడిగే తీసుకున్నాను. ఆ గది కూడా వీడియో తీసి పెడతాను.