మూడు వారాల్లో 21 కిలోమీటర్లు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకోవడం ఆనవాయితీయే గాని, పరుగుకు మిగిలింది మూడు వారాలే కనుక ఆ కాస్త సమయాన్నీ మీ సాధనకే మళ్లిస్తున్నాను, పెద్దలు మన్నించాలి.

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్లు, దానిమీద దాదాపు మరో 100 మీటర్లు. అలవాటు లేనివారు అంత దూరానికి సిద్ధపడాలంటే మూడు నాలుగు నెలలు పడుతుంది. మన తిరుపతిలో మాత్రం ఫ్లెక్సీలు లేచేది పరుగుకు మూడు వారాల ముందు. ఆ మధ్య ఒక పరుగుకు పిల్లలను హాజరు వేస్తామని చెప్పి బస్సుల్లో తెచ్చి నిలబెట్టారు. అలిపిరి దారిలో డివైడరు మీద కూలబడిన ఒక కుర్రవాడి బూట్లు నేను విప్పాను. అవి ఆ తెల్లవారుజామునే పంచిన కొత్త బూట్లు. మడమ దగ్గర మేజోడు రక్తంతో చర్మానికి అతుక్కుపోయి ఉంది. అతడు నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. “సార్, ఈడ నిలబడిపోతే హాజరు పడదా?” అని అడిగాడు. ఈ సభకు రావడానికి నేను ఒప్పుకున్నది ఆ ప్రశ్నను మీ చెవిన వేయడానికే.

మూడు వారాల సాధన చాలదని నేను అన్నప్పుడల్లా ఎవరో ఒకరు అబేబే బికిలా కథ ఎత్తుతారు. 1960లో రోమ్‌లో వట్టి కాళ్లతో మారథాన్ గెలిచిన ఆ ఇథియోపియా సైనికుడికి 1964 టోక్యో ఒలింపిక్స్‌కు ఆరు వారాలు కూడా లేవనగా అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. అయినా 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో 42.195 కిలోమీటర్లు ముగించి, రెండో స్థానంలో వచ్చినవాడు నాలుగు నిమిషాల తరువాత గీత దాటేసరికి ఆయన మైదానం మధ్య గడ్డి మీద వ్యాయామాలు చేసుకుంటున్నాడు. నిజమే, నాకూ ఎంతో ఇష్టమైన కథ. కానీ అయ్యా, ఆ ఆరు వారాల వెనుక ఎత్తైన ప్రదేశాల్లో ఏళ్ల తరబడి చేసిన పరుగు ఉందన్న సంగతిని ఎందుకు వదిలేస్తారు? ఆయన కోలుకున్నాడు; మీరు మొదలుపెడుతున్నారు. అన్నట్టు, వట్టి కాళ్ల ముచ్చట కూడా ఇక్కడే ఆపండి. టోక్యోలో ఆయన బూట్లు వేసుకునే పరుగెత్తాడు.

సాధన ఫలితం ఒంటికి పట్టడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. అంటే చివరి పది రోజుల్లో ఎంత కష్టపడినా చేరేది అలసటే గాని సత్తువ కాదు. కనుక దూరం పెంచదలచినవారు ఈ ఆదివారం, వచ్చే ఆదివారం పెంచి, ఆ తరువాత సగానికి తగ్గించండి. మొదటి నిమిషం నుంచే కాసేపు పరుగు, కాసేపు నడకగా సాగండి. అలసిపోయాక నడవడం వేరు, అలసిపోకుండా నడవడం వేరు. వేగానికి గడియారం అక్కరలేదు. “ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవిందా” అని ఒక్క ఊపిరిలో అనలేకపోతే మీరు వేగం మించినట్టే.

మెట్ల దారి గురించి చాలామంది అడుగుతున్నారు. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కడం గుండెకు మంచి సాధనే. చిక్కంతా దిగడంలో ఉంది. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపవలసి రావడంతో లోపల సన్నగా చిట్లుతాయి. ఆ నొప్పి మరునాడో మూడోనాడో పైకి తేలుతుంది. చివరి రెండు వారాల్లో కొండ ఎక్కినవారు దయచేసి బస్సులో దిగండి.

ఇక అందరూ మరచే సంగతి ఒకటుంది. పరుగు ఆదివారం తెల్లవారుజామున. మనలో చాలామందికి శనివారం ఒక్కపొద్దు. కండరాల్లోనూ కాలేయంలోనూ నిలవ ఉండే పిండిపదార్థమే దూరపు పరుగుకు ప్రధానమైన ఇంధనం కాబట్టి, రాత్రి ఖాళీ కడుపుతో పడుకుని వేకువన గీత దగ్గర నిలబడితే సగం దారిలోనే కాళ్లు మొరాయిస్తాయి. నేనూ శనివారాలు పాటించేవాడినే. ఆ ఒక్క వారం మధ్యాహ్నం కడుపునిండా అన్నం, రాత్రి ఇడ్లీలు తినమని ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకోండి. నీళ్లు దాహాన్ని బట్టి తాగండి; ఉప్పు లేకుండా వట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ దారి పొడవునా పెట్టించండని నిర్వాహకులను కోరుతున్నాను. ఎదలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆగండి. ముందురోజు జ్వరం ఉంటే అసలు రావద్దు.

నిర్వాహకులకు మరొక మాట. వచ్చే ఏడాది ప్రకటన నాలుగు నెలల ముందు ఇవ్వండి. హాజరు పట్టీని పరుగు దరిదాపులకు రానివ్వకండి. ఇంతవరకు ఆగకుండా 5 కిలోమీటర్లు కూడా పరుగెత్తనివారు మొహమాటపడకుండా చేతులెత్తండి. వెనుక బల్ల దగ్గర మీ పేరును 21 నుంచి 5 కిలోమీటర్ల పరుగుకు మార్చుకోవచ్చని, అందుకు అదనపు రుసుము ఏమీ ఉండదని కార్యదర్శిగారు ఇప్పుడే ఒప్పుకున్నారు. ఆ బల్ల ఖాళీ అయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను.