అమ్మను కాదు, ఆ అమ్మాయిని అడగండి

నమస్కారం. ఎదురుగా ఉన్నవారిలో ఎక్కువమంది నర్సింగ్ విద్యార్థులు, కొత్తగా వైద్యంలోకి వచ్చినవారు. అందుకే నా తప్పుతోనే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల క్రితం ఒక బధిర బాలికను తల్లి నా దగ్గరికి తీసుకొచ్చింది. పదహారేళ్లు ఉంటాయి. నెలసరి సరిగా రావడం లేదని తల్లి చెప్పింది. ప్రశ్నలన్నీ తల్లినే అడిగాను, మందులు రాశాను. ఆ పిల్ల మధ్యమధ్య తలూపుతుంటే అర్థమవుతోందనుకున్నాను. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి, నా బల్ల మీది కాగితంపై ఒక్క మాట రాసింది: “జబ్బా?”

మూడేళ్లుగా ఆమె అదే అనుకుంటోంది.

వినగలిగే పిల్లలకు మాత్రం నెలసరి గురించి మనం చెబుతున్నామా? లేదు, చెవిన పడుతుంది, అంతే. వంటింట్లో పెద్దమ్మల గుసగుసలు, స్నేహితురాళ్ల కబుర్లు. పైగా ఈ విషయంలో మన భాషకు సిగ్గెక్కువ: ‘బయట ఉంది’, ‘నెల తప్పింది’, ‘నీళ్లోసుకుంది’. తెలుగును కళ్లతో నేర్చుకున్న పిల్ల ఆ చివరి మాట చదివి ఎవరో స్నానం చేశారనుకుంటే తప్పెవరిది? పరీక్షలో ‘పాజిటివ్’ వచ్చిందంటే మంచి కబురే అనుకునేవారూ ఉంటారు.

పెదవులు చూసి గ్రహిస్తారులే అనుకోకండి. ప, బ, మ పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి. అద్దం ముందు గొంతు పెగలకుండా ‘మాత్ర’, ‘పాత్ర’ అని చూడండి. ఇక మనం మాస్కు పెట్టుకుంటే ఆ కాస్తా పోయింది.

కాబట్టి సంజ్ఞా భాష తెలిసిన ఇంటర్‌ప్రెటర్ కావాలి, అమ్మాయిలకు వీలైతే మహిళ. దొరకకపోతే వీడియో కాల్‌లోనైనా సరే. తల్లి ఎంత మంచిదైనా ఆ పనికి పనికిరాదు. తన శరీరం మీద చేయి వేసినవాడు ఇంట్లోవాడే అయితే ఆ పిల్ల ఎవరి చేతులతో చెప్పాలి? ఇంటర్‌ప్రెటర్‌ను మీ పక్కన, కాస్త వెనగ్గా కూర్చోబెట్టండి. మీరు చూడాల్సింది మాత్రం ఆ అమ్మాయి ముఖంలోకి.

పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి తెర లాగామంటే ఆమెకు సంభాషణ ఆగిపోయినట్టే. చేయబోయేది ముందే చెప్పండి. పరికరం చేతికిచ్చి చూపించండి. చేయెత్తితే ఆపేస్తానని ఒప్పందం చేసుకోండి, చేయెత్తితే నిజంగానే ఆపండి. ఇన్ఫెక్షన్‌కు జెంటామైసిన్ రాసేముందు ఒక్క క్షణం ఆగండి: అది వినికిడిని దెబ్బతీయగల మందు, ఆ పిల్లకు మిగిలిన కొంచెం వినికిడే ఎంతో విలువైనది.

2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షలకు పైనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 10వ సెక్షన్ పునరుత్పత్తి గురించిన సమాచారం వారి హక్కు అంటోంది. మన శిబిరాల్లో వినికిడి యంత్రాలు పంచి ఫొటోలు దిగుతాం కానీ, ఈ సెక్షన్ ఊసెత్తగా నేను చూడలేదు.

రహస్యం గురించి అబద్ధం చెప్పకండి. పద్దెనిమిదేళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పక తప్పదు. ఆ మాట ముందు ఆమెకే చెప్పండి. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే ఆ సమాచారంలో ఆమె పేరు వెల్లడించనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అబ్బాయిల సంగతి ఇంతసేపూ ఎత్తలేదు, అదీ నా పొరపాటే. వారికీ ఇవే ప్రశ్నలుంటాయి, అడగడానికి మనిషే ఉండరు.

ఇప్పుడు కుర్చీలు ఎదురెదురుగా తిప్పుకోండి. వేదిక మీదికి వస్తున్నది బధిర ఉపాధ్యాయురాలు. ఆమె మీకు మొదట నేర్పేది ‘నొప్పి ఎక్కడ?’ అని అడగడం.