జిప్సం బోర్డు పనికి ఏ పనిముట్లు కొనాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈశాన్య రుతుపవనాల వానలు వెలిశాక మన తిరుపతిలో ఫాల్స్ సీలింగు మీద మరకలు, ఉబ్బులు కనిపించే ఇళ్లు తక్కువేమీ కాదు. అలాంటి మరమ్మతును గాని, గదిలో చిన్న పార్టిషన్‌ను గాని సొంతంగా చేసుకోదలచినవారికి సలహా చెప్పడానికి సీలింగు మేస్త్రి గారు వచ్చారు. అన్నా, మొదట దేని మీద డబ్బు పెట్టాలి?

మేస్త్రి: బోర్డు బలం ఎక్కడుందో తెలిస్తే జవాబు అక్కడే దొరుకుతుందమ్మా. లోపలి జిప్సం వంచితే విరిగిపోతుంది. దాన్ని పట్టి ఉంచేది రెండు వైపులా అంటుకొని ఉన్న మందపాటి కాగితమే. అందుకే కాగితాన్ని పాడుచేయని పనిముట్టునే ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. స్క్రూ తల కాగితాన్ని చీల్చకుండా కాస్త లోపలికి దిగాలి. చీల్చిందా, ఆ స్క్రూకు పట్టు పోయినట్టే. ఇంట్లో క్లచ్ (బిగువు ఎక్కువైతే తిప్పడం ఆపేసే అమరిక) ఉన్న డ్రిల్ మిషన్ ఉంటే కొత్త యంత్రం అక్కరలేదు, తగినంత లోతుకు దిగగానే స్క్రూను వదిలేసే డ్రైవాల్ బిట్ కొంటే చాలు. 12.5 మి.మీ. బోర్డును ఒక పొరగా, దాన్ని మోసే చట్రంలోని ఇనుప చానల్‌కు బిగించడానికి 25 మి.మీ. నల్ల స్క్రూలు సరిపోతాయి.

వ్యాఖ్యాత: కోయడానికి కట్టింగ్ మిషన్ అవసరమా?

మేస్త్రి: అవసరం లేదు, పైగా దాని దుమ్ము ఇల్లంతా కమ్ముకుంటుంది. పొడవాటి ఇనుప స్కేలు ఆనించి, చేతి కట్టర్‌తో ముందువైపు కాగితాన్ని గీసి, బోర్డును వెనక్కి వంచితే గీత వెంబడే విరుగుతుంది. తర్వాత వెనక కాగితం కోస్తే సరి. మొండి బ్లేడు కాగితాన్ని పీకేస్తుంది కనుక బ్లేడ్ల దగ్గర పొదుపు చేయకండి. స్విచ్ పెట్టెకు రంధ్రం చేయడానికి మొనదేలిన సన్నని చేతిరంపం చాలు, కాని ముందు మెయిన్ ఆపాలి.

వ్యాఖ్యాత: అతుకుల సంగతి?

మేస్త్రి: పనితనం తెలిసేది అక్కడేనమ్మా. చాలామంది బోర్డుల అతుకుల్లో పూసే జాయింట్ కాంపౌండ్‌ను ఒకే చిన్న పట్టీతో, అంటే పూత సాగదీసే చేతి రేకుతో, మొత్తం లాగించేస్తారు. దాంతో అతుకు దగ్గర గట్టులా లేచి, రంగు వేశాక ట్యూబ్‌లైట్ వెలుగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటి పూతలో పేపర్ టేపును అదమడానికి 4 లేదా 6 అంగుళాల పట్టీ వాడి, చివరి పూతను 10 అంగుళాలకు తగ్గని పట్టీతో రెండు పక్కలా పలుచగా సాగదీయాలి. వాన రోజుల్లో ఆరడం ఆలస్యమవుతుంది గనుక ప్రతి పూత పూర్తిగా ఆరేవరకు ఆగాల్సిందే. ఆఖరున 150 నంబరు ఉప్పు కాగితంతో తేలికగా రుద్దాలి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి.

వ్యాఖ్యాత: తడిసిన బోర్డును ఉంచవచ్చా?

మేస్త్రి: ముందు శ్లాబు కారడం ఆపాలి. నొక్కితే మెత్తగా దిగినా, కాగితం ఊడివస్తున్నా అంతవరకు చదరంగా కోసి, వెనక చెక్క పట్టీలు బిగించి, కొత్త ముక్కను వాటికి స్క్రూ చేయాలి. స్నానాల గది పక్కన ఆకుపచ్చ కాగితమున్న తేమ నిరోధక బోర్డు వాడవచ్చు. నేరుగా నీళ్లు పడేచోట మాత్రం అదీ పనికిరాదు, సిమెంటు బోర్డే వేయించాలి.