పేరు చూసి విన్న పియానో

అమ్ములు: నమస్తే అండీ. ఈ వారం మళ్ళీ మా బాబాయే. త్యాగరాజ కీర్తన తప్ప ఇంకోటి చెవిన పెట్టని మనిషి, నెల రోజులుగా పియానో వింటూ తిరుగుతున్నాడు. ఏంటి బాబాయ్ కథ?

బాబాయ్: నీ వల్లేనమ్మా. ఆ రోజు నా ఫోన్‌లో పెట్టిచ్చావు చూడు, దిను లిపాటీ అని. రుమేనియావాడు. 1917లో బుకారెస్ట్‌లో పుట్టాడు, 1950లో జెనీవాలో పోయాడు. 33 ఏళ్ళు. హాడ్జ్‌కిన్స్ అని, లింఫ్ గ్రంథులకి వచ్చే క్యాన్సర్.

అమ్ములు: రికార్డులు కూడా ఎన్నో లేవు కదా.

బాబాయ్: ఓ చిన్న పెట్టెలో పట్టేస్తాయి. 1950 వేసవిలోనే, పోవడానికి కొన్ని నెలల ముందు, కార్టిసోన్ ఇచ్చారు, అప్పటికి కొత్త మందు. కాస్త లేచి కూర్చున్నాడు. ఇంకేం, ఆ జులైలో ఈఎంఐ అనే రికార్డుల కంపెనీ వాళ్ళు జెనీవాకే వెళ్ళి, రేడియో స్టూడియోలో బాఖ్, మొజార్ట్ రచనలూ, షోపాన్ రాసిన వాల్ట్‌జ్‌లూ, అంటే నాట్యపు నడకలో ఉండే చిన్న ముక్కలూ, రికార్డు చేసుకున్నారు. అవి నున్నగా ఉంటాయి. కానీ నన్ను పట్టుకున్నది అవి కాదు.

అమ్ములు: బెజాన్సోనా?

బాబాయ్: ఆఁ. ఫ్రాన్స్‌లో ఊరు. సెప్టెంబర్ 16న కచేరీ. డాక్టరు వద్దన్నాడు, ఈయన ఒప్పుకున్నాను కదా అని వెళ్ళాడు. దాన్ని రేడియోవాళ్ళు పట్టారు. బాఖ్ మొదలెట్టే ముందు ఏం చేస్తాడో విన్నావా? మీటల మీద ఊరికే ఓసారి చెయ్యి అలా పాకిస్తాడు, పైకీ కిందకీ. వాయించబోయే దాని శ్రుతిలోనే. మనవాళ్ళు కీర్తన ఎత్తుకునే ముందు రాగచ్ఛాయ చూపిస్తారే, సరిగ్గా అదే. స్టూడియో రికార్డులో అది ఉండదు. చెత్త ఏరినట్టు ఏరేస్తారు.

అమ్ములు: నేనైతే పియానో సరిచూసుకుంటున్నాడేమో అనుకున్నా.

బాబాయ్: అదీ ఉంటుందిలే. చివర్లో షోపాన్ వాల్ట్‌జ్‌లు 14. పదమూడు వాయించాడు. పద్నాలుగోదానికి ఓపిక లేకపోయింది. లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి, బాఖ్‌ది ఒక చిన్న ప్రార్థన వాయించి ముగించాడట. విడుదలైన రికార్డులో ఆ ముక్క లేదు. డిసెంబర్ 2న పోయాడు.

అమ్ములు: ఇక ఆ దొంగ రికార్డు సంగతి చెప్పు బాబాయ్.

బాబాయ్: దొంగ అనకు, పాపం, ఎవరూ కావాలని చేసినట్టు లేదు. షోపాన్ మొదటి కన్చెర్టో, అంటే పియానోకి వెనక ఆర్కెస్ట్రా ఉండే పెద్ద రచన, లిపాటీ స్టూడియోలో ఎప్పుడూ ఇవ్వలేదు. 1960ల్లో ఓ టేపు దొరికిందని ఈఎంఐ ఎల్‌పీ వేసింది. వాయించింది లిపాటీయే అన్నారు. ఆర్కెస్ట్రా పేరు లేదు, కండక్టర్ పేరు లేదు. అయినా జనం కళ్ళకద్దుకున్నారు. అంత పెద్ద సంస్థ, అంత పెద్ద పేరు! 1981లో బీబీసీ రేడియోలో అది వస్తే, వింటున్న ఒకాయన చెవి నిక్కింది. ఇది నా దగ్గరున్న ఇంకో రికార్డేనే, అన్నాడు. పోల్చి చూస్తే నిజమే. వాయించింది పోలండ్ ఆవిడ, హలీనా చెర్నీ-స్టెఫాన్‌స్కా.

అమ్ములు: ఇన్నేళ్ళూ పండితులకి తెలీలేదా?

బాబాయ్: పండితులదాకా ఎందుకు, నా సంగతి చెప్తా విను. విజయవాడ రేడియోలో భక్తిరంజని క్యాసెట్‌కి ఎక్కించుకునేవాణ్ణి. పక్కన కుక్కర్ కూతతో సహా ఎక్కేది. ఓ క్యాసెట్ మీద పేరు నేనే తప్పు రాశాను. మూడేళ్ళు ఒకరి పాటకి ఇంకొకరిని మెచ్చుకున్నాను. "ఆ గమకం ఆయనకే చెల్లింది" అని మీ నాన్నకి పాఠం కూడా చెప్పాను!

అమ్ములు: నాన్నకి ఈ ఎపిసోడ్ పంపిస్తున్నా. మరి అసలుది దొరికిందా?

బాబాయ్: అదే విచిత్రం. ఈ గోల బయటపడ్డాకే అసలుది బయటికొచ్చింది. 1950 ఫిబ్రవరి 7, జ్యూరిక్, ఒట్టో ఆకర్‌మన్ కండక్టర్. ఎవరో ఇంట్లో దాచుకున్న టేపు. తప్పుడు రికార్డు పట్టుబడకపోతే ఇది అక్కడే బూజుపట్టి ఉండేదేమో. శబ్దం మాత్రం దుప్పటి కప్పినట్టుంటుంది. వెనక వాద్యాలు ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టుంటాయి.

అమ్ములు: మరి ఆ పోలండ్ ఆవిడ?

బాబాయ్: ఆవిడేం సామాన్యురాలు కాదమ్మా. 1949లో వార్సాలో షోపాన్ పోటీలో మొదటి బహుమతి పంచుకున్న మనిషి. లిపాటీ వేళ్ళలో దైవత్వం ఉందని మురిసిపోయారే, ఆ వేళ్ళు ఈవిడవి. 1981 తర్వాత ఆ పొగడ్తలన్నీ ఆవిడ ఖాతాకి మార్చిన వాళ్ళెంతమందో!

అమ్ములు: ఇప్పుడు రెండూ విందామా?

బాబాయ్: పెట్టు. ఫోన్ బోర్లించి పెట్టు, పేరు కనపడకూడదు. ఏది ముందో నాకు చెప్పకు.