ఉప్పు మడి గట్టు మీద కెమిస్ట్రీ పాఠం: శుద్ధ పదార్థం, మిశ్రమం

నమస్కారం పిలకాయలూ. నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో, ఇస్కపల్లి ఉప్పు మడుల గట్టు మీద ఉన్నాను. తొమ్మిదో తరగతిలో శుద్ధ పదార్థం (ఒకే రకం పదార్థం ఉన్నది), మిశ్రమం (వేర్వేరు పదార్థాలు కలిసి ఉన్నది) అని చదువుతారే, ఆ పాఠమంతా ఇక్కడ కళ్లెదుటే జరుగుతా ఉంది.

ఈ సీసాలోవి సముద్రపు నీళ్లు. ఎంత తేటగా ఉన్నాయో చూడండి. పైన తీసినా అడుగున తీసినా ఒకటే ఉప్పదనం. అందుకే ఇది సజాతీయ మిశ్రమం. తేటగా ఉంది కాబట్టి శుద్ధ పదార్థం అనుకోవద్దు. లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా సోడియం క్లోరైడే, అంటే మనం తినే ఉప్పే. మిగతావి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. అదే కాలవలో బురదనీళ్లయితే విజాతీయ మిశ్రమం. కాసేపు కదపకుండా ఉంచితే మన్ను అడుగుకి దిగిపోతుంది.

ఇక్కడ చాలామంది తడబడతారు. నీళ్లలో కరిగింది కదా, ఉప్పు ద్రవమైపోయినట్టేనా? కానే కాదు. అది అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, విడిపోయి నీటి అణువుల మధ్య సర్దుకుంది, అంతే. ఉప్పు తనంతట తాను ద్రవస్థితికి రావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి.

మడి వైపు చూడండి. పొయ్యి లేదు, మంట లేదు. అయినా నీళ్లు తగ్గిపోతున్నాయి. ఆవిరి కావడానికి నీళ్లు మరగాల్సిన పని లేదు. మామూలు ఎండలోనే పైపొరలోని అణువులు కొన్ని గాల్లోకి లేచిపోతా ఉంటాయి. మడి ఎంత వెడల్పుగా, ఎంత లోతు తక్కువగా ఉంటే అంత త్వరగా. దీనికి తోడు సముద్రపు గాలి ఎటూ ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. లవణాలన్నీ ఒక్కసారిగా బయటపడవు. ముందు కాల్షియం కార్బొనేట్, ఆ తర్వాత జిప్సం అనే ఇంకో కాల్షియం లవణం అడుగున చేరతాయి. చిక్కబడిన నీళ్లని ఇంకో మడిలోకి మళ్లిస్తే అక్కడ సోడియం క్లోరైడ్ స్ఫటికాలు కడుతుంది. మెగ్నీషియం లవణాలు మాత్రం చివరిదాకా నీళ్లలోనే ఉండిపోతాయి. ఆ చేదు నీళ్లని సమయానికి బయటికి వదిలేయాలి. మడిలోనే ఎండనిస్తే ఉప్పుతో కలిసిపోతాయి. వానాకాలంలో జాడీలో రాళ్ల ఉప్పు చెమ్మగిల్లడానికి ముఖ్య కారణం ఆ మెగ్నీషియం క్లోరైడే, గాల్లో తేమని లాక్కుంటుంది. అంటే మడిలో తీసిన ఉప్పు కూడా ఇంకా మిశ్రమమే.

మరి ఇంత పనిచేసిన ఎండ, సోడియం క్లోరైడ్‌ని సోడియంగా, క్లోరిన్‌గా విడదీయగలదా? లేదు. అది సమ్మేళనం, అంటే మూలకాలు రసాయనికంగా కలిసి ఏర్పడిన శుద్ధ పదార్థం. 23 గ్రాముల సోడియానికి 35.5 గ్రాముల క్లోరిన్, ఎక్కడి ఉప్పయినా ఇదే నిష్పత్తి. వాటిని విడదీయాలంటే ఉప్పుని వేడితో ద్రవంగా మార్చి, దాంట్లోకి కరెంటు పంపాలి. అది ఇంట్లో చేసే పని కాదు, ఎవరూ ప్రయత్నించొద్దు.

మీరు చేయాల్సింది వేరే ఉంది. గుప్పెడు రాళ్ల ఉప్పుని నీళ్లలో కలిపి, పలచటి గుడ్డలో వడగట్టి, వెడల్పాటి పళ్లెంలో ఎండలో పెట్టండి. గుడ్డ మీద ఏం మిగిలిందో, పళ్లెంలో కట్టిన స్ఫటికాలు ఏ ఆకారంలో ఉన్నాయో భూతద్దంతో చూసి కామెంట్లో రాయండి.