మగవాళ్లపై లైంగిక దాడి: క్యాజువాలిటీలో ఏం అడగాలి?

హోస్ట్: డాక్టరు గారూ, లైంగిక దాడికి గురైన మగవాళ్లు ముందు ఎక్కడికెళ్లాలి? స్టేషన్‌కా, ఆసుపత్రికా?

డాక్టర్: ఆసుపత్రికేనండి. ఎఫ్‌ఐఆర్ ఉంటేనే వైద్యం అనే రూలేమీ లేదు. పెద్ద ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాలి. చీటీ రాసేచోట అందరూ వింటుండగా అంతా చెప్పక్కర్లేదు. ‘దాడి జరిగింది, డాక్టరుతో విడిగా మాట్లాడాలి’ అంటే చాలు. ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు చెప్పాల్సిన వైద్య కేసు కింద ఆసుపత్రి పోలీసులకు కబురు పంపుతుంది. కేసు వద్దనుకుంటే ఆ మాట రాసుకుని వైద్యం చేయాల్సిందే. కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాలు మగవాళ్లకూ, ట్రాన్స్‌జెండర్లకూ వర్తిస్తాయి.

హోస్ట్: కానీ ‘మగాళ్లకి సెక్షనే లేదు’ అంటారే?

డాక్టర్: భారతీయ న్యాయ సంహితలో అత్యాచారం సెక్షన్ ఆడవాళ్లకే. మగవాళ్లపై దాడికి వాడే పాత ఐపీసీ 377 సెక్షన్ కూడా 2024 జులై 1 నుంచి లేదు. పద్దెనిమిదేళ్లలోపు అబ్బాయిలకైతే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పోక్సో ఉంది. పెద్దవాళ్ల విషయంలో చట్టంలో ఇది పెద్ద లోటే. అయితే మందు ఇవ్వడానికి సెక్షన్‌తో పనేంటి?

హోస్ట్: ఏ మందు ముందు?

డాక్టర్: హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే పెప్. 72 గంటలు దాటితే లాభం లేదు, వీలైతే రెండు గంటల్లోపే మొదటి మాత్ర పడాలి. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి, 28 రోజులు. రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగకూడదు. ‘ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం) రేపు తెరుస్తారు’ అన్నా మొదటి డోసు అక్కడే అడగండి.

హోస్ట్: వికారంగా ఉందని మధ్యలో ఆపేసేవాళ్లుంటారు కదా?

డాక్టర్: ఆపొద్దు, అన్నం తిన్నాక వేసుకోండి. ఇంకో పొరపాటు, గ్యాస్ సిరప్ తాగడం. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ని కడుపులోనే పట్టేసి ఒంటికి అందనివ్వవు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే సిరప్. ముందే తాగేస్తే ఆరు గంటలాగి మాత్ర. పెప్‌తోపాటు, లైంగికంగా సోకే గనేరియా, క్లమీడియాలకు ఒక సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, ఏడు రోజులు డాక్సీసైక్లిన్. హెపటైటిస్ బి టీకా ముందు వేయించుకోకపోతే ఆ రోజు, నెలకు, ఆరు నెలలకు.

హోస్ట్: బట్టల సంగతి?

డాక్టర్: ఉతకొద్దు. ప్లాస్టిక్ కవర్లో అసలే పెట్టొద్దు, తడికి బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. ఆరనిచ్చి, ఒక్కో బట్టా విడివిడిగా కాగితం కవర్లో పెట్టాలి. ఒంటిమీంచి దూదిపుల్లతో తీసే నమూనాలు, అంటే స్వాబ్‌లు, 96 గంటల్లోపు తీస్తారు. స్నానం చేసేసినా, బాత్రూమ్‌కి వెళ్లొచ్చినా పరీక్ష మానుకోకండి.

హోస్ట్: ‘నా ఒళ్లే స్పందించింది’ అని నోరు విప్పనివాళ్లకి?

డాక్టర్: ఇది గట్టిగా చెప్పాలండి. అంగస్తంభన, స్ఖలనం నరాల ప్రతిచర్యలు. భయంలోనూ, నొప్పిలోనూ వస్తాయి. అవి ఒప్పుకోలు కానే కావు. కాళ్లూ చేతులూ కొయ్యబారిపోవడం కూడా అంతే. ఒంటిమీద గాయం లేనంతమాత్రాన ఏమీ జరగలేదని రాయకూడదు. ‘మగాడివి, తోసెయ్యలేకపోయావా?’ అని డ్యూటీ డాక్టరు ఒక్కమాటంటే ఆ మనిషి మళ్లీ రాడు, 28 రోజుల మందూ అక్కడితో ఆగిపోతుంది. అడగాల్సింది ‘నొప్పి ఎక్కడ? ఇప్పుడు పరీక్ష చేయనా?’ అని. వద్దంటే ఆగాలి.

హోస్ట్: ఇంటికెళ్లాక?

డాక్టర్: మలంలో రక్తం, జ్వరం, కడుపు గట్టిబడి నొప్పి ఉంటే ఆ రాత్రే తిరిగి రావాలి, పేగు చిల్లుపడి ఉండొచ్చు. హెచ్‌ఐవీ పరీక్ష ఆరు వారాలకు, మూడు నెలలకు. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా.