ద్రవంగా ఉండే ఉప్పు, దాని పైపొర

నమస్కారం. అనంతపురంలో మా వంటింటి గట్టు దగ్గర నుంచే మాట్లాడుతున్నాను. నా అరచేతిలో ఉన్నది రాళ్ళ ఉప్పు. నీళ్ళలో వేయకుండా, ఉత్త వేడితోనే దీన్ని కరిగించాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఉప్పులోని సోడియం, క్లోరైడ్ అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, చిన్నవి, గుండ్రనివి. ఇటుకల్లా వరుసగా పేర్చుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి.

వాటికి బదులు పెద్దవి, వంకర ఆకారం ఉన్నవి తెస్తే ఆ పేర్పు సరిగా కుదరదు. 1914లో రసాయన శాస్త్రవేత్త పాల్ వాల్డెన్ వివరించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీలకే కరుగుతుంది. అందులో నీళ్ళేమీ లేవు, అంతా అయాన్లే. ఇలాంటివే అయానిక ద్రవాలు.

నన్ను బాగా కట్టిపడేసింది వీటి పైపొర. ఈ స్టీలు పళ్ళేనికి వేరుసెనగ నూనె పలచగా రాశాను. దాని మీద ఒక నీటిచుక్క. ముత్యంలా నిలబడింది, చూశారా? ఇప్పుడు సబ్బు అంటిన పుల్లతో తాకుతాను... వెంటనే పరుచుకుంది. సబ్బు అణువుకు నూనెలాంటి తోక ఉంటుంది. ఆ తోకలు నీటిని వదిలి పైపొరకు చేరడంతో తలతన్యత, అంటే పైపొరను బిగించి ఉంచే లాగుడు, పడిపోయింది.

అయానిక ద్రవంలో ఆ తోక ధన అయానుకే అతుక్కుని ఉంటుంది. ఇమిడజోలియం అయాన్ని తీసుకోండి: ఆవేశమున్న వలయం, దానికో కార్బన్ గొలుసు. ఆవేశాలన్నీ ఒకదాన్నొకటి లాక్కుంటూ లోపలే ఉండిపోతాయి. ఆవేశం లేని గొలుసు గాలి వైపు తేలుతుంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే రుణ అయానుతో జతకట్టినప్పుడు, నాలుగు కార్బన్ల గొలుసుంటే తలతన్యత మీటరుకు సుమారు 44 మిల్లీన్యూటన్లు. ఎనిమిదైతే సుమారు 35. నీటికి 72. ఉప్పే అయినా, పైన నూనె ముఖమే!

దీన్ని నేరుగా చూడగలిగారు కూడా. నీళ్ళను అతిశూన్యంలో పెడితే ఆవిరైపోతాయి. ఈ ద్రవాలు దాదాపు ఆవిరి కావు కాబట్టి శూన్యంలోనే ఎక్స్‌రేలతో కొట్టి, బయటికొచ్చే ఎలక్ట్రాన్లను పరీక్షించవచ్చు. ఉపరితలానికి దాదాపు సమాంతరంగా వచ్చే వాటిని మాత్రమే పట్టుకుంటే పైనున్న ఒకటి రెండు నానోమీటర్ల కబురే తెలుస్తుంది. పొడవు గొలుసులున్న ద్రవాల్లో అక్కడ తోకల కార్బన్ ఎక్కువగా కనిపించింది. వలయాలూ రుణ అయాన్లూ దాని కిందే ఉన్నాయి.

కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడానికి ఈ ద్రవాలను వాడితే, ఆ వాయువు మొదట ఎదుర్కొనేది ఈ తోకల అడవినే.